'అయ్యా' లేని అర్జీ

అనంతపురం కలెక్టరాఫీసు గేటు కాడ
సోమవారం సోమవారం నాదొక మడత బల్ల,
ఒక గొడుగు, రెండు కార్బన్ కాయితాలు.
ఇరవై రెండేండ్లుగా నేను రాసే అర్జీలన్నీ
ఒకే తీరుగా మొదలైతాయి:
అయ్యా, తమ దివ్యసముఖమునకు...
అక్కడి నుంచి వంగి వంగి, నాలుగో పేరాకు గానీ
అసలు సంగతి నోరు తెరవదు.
అప్పటికి చదివే సారు టీ తాగనీకి లేచిపోయింటాడు.

మా చెల్లెలి కూతురు గంగరత్న, ఇంటర్ రెండో సంవత్సరం.
మొన్న రాత్రి ఇంగ్లీషు నోట్సు ముందరేసుకొని
పెన్ను మూత కొరుకుతా కూర్చున్యాది.
ఎక్స్‌పోజిటరీ ఎస్సే అంట. ఐదు పేరాలంట.
"నేను చెప్తా, రాయ్" అన్యా, అర్జీలు రాసిన పొగరుతో.
అంశం: మన జిల్లాలో కరువు.
నేను మొదలుపెట్టినా: "మోస్ట్ రెస్పెక్టెడ్ సర్..."
పాప పెన్ను కింద పెట్టి నవ్వింది, నవ్వింది,
కండ్లల్లో నీళ్లు వచ్చేదాకా.

"ఇది అడుక్కునేది కాదు మామా, వివరించేది.
మొదటి వాక్యంలోనే సంగతి చెప్పేయల్ల.
ఆమైన పేరాకు ఒక ఆధారం.
'పాపం' అనకూడదు, 'దయచేసి' అనకూడదు.
కరువు ఘోరం అంటే మార్కులు రావు,
ఎన్ని మిల్లీమీటర్లో రాస్తే వస్తాయి."

నాకు మిల్లీమీటర్లు యాడ తెలుసు?
తెలిసిందే చెప్పినా:
మన శెనక్కాయ చేన్లో నాలుగు బోర్లు,
చివరిది ఏడు వందల ఇరవై అడుగులు, దుమ్ము లేసె.
"అదీ!" అనింది. "అదే సపోర్టింగ్ పేరా."
ఆ దుమ్ముకు ఇన్నాళ్లకు ఒక పేరొచ్చింది.

ఆధారం అనే మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనీలేదు.
పందిరికి గుంజ ఆధారం.
ముసలోళ్లకు పింఛను ఆధారం.
పింఛనుకు ఆధార్.
ఆధార్‌కు వేలు.

సోమవారం కూడేరు నుంచి కదిరమ్మ వచ్చింది.
మిషను మీద వేలు పెడితే ఎర్ర లైటు.
నువ్వు నువ్వు కాదు అంటాదంట మిషను.
ఎప్పటి లెక్కనే 'అయ్యా' అని రాసి
కొట్టేసినా.
కొత్త కాయితం తీసి, ఇంగ్లీషులో, పొట్టి మాటల్తో,
పాప నోట్సులో మాదిరి:

కదిరమ్మకు ఏడు నెలలుగా పింఛను రాలేదు.
అంతే, మొదటి వాక్యం అయిపాయె. నాకే భయమేసింది.
రెండో పేరా: ఆమె వేలిముద్రలు అరిగిపోయినాయి.
నలభై ఏండ్లు శెనక్కాయ పీకింది, వలిచింది,
కాపుకు ఎన్ని మూటలో ఆమెనే అడిగి లెక్క రాసినా.
మూడో పేరా: ఆమె ఆమేనని చెప్పేవాళ్లు.
రేషన్ డీలరు, నర్సమ్మ, పక్కింటి హుసేన్‌బీ.
ముగింపులో కొత్త సంగతి చెప్పకూడదనింది పాప.
కొత్త సంగతి ఏముంది? ఏడు నెలలు. రాలేదు.

తెలుగులో చదివి వినిపిస్తే కదిరమ్మ మొగం చిన్నబోయింది.
"'అయ్యా' అన్లేదే నాయనా, కోపం చేసుకోరా?"
"ఇది అడుక్కునేది కాదమ్మా" అన్యా గానీ
నా గొంతు నాకే కొత్తగా ఉన్నింది.
ఆమె శానాసేపు కాయితం పక్క చూసి
ఇంకు ప్యాడు మీద బొటనవేలు ఒత్తి పెట్టింది:
గీత ఒకటి కూడా లేని నీలి మచ్చ,
కడిగిన పలక మాదిరి నున్నగా.
అంత అర్జీలో అదొక్కటే నేను రాయనిది.

గుమాస్తా ముందూ వెనకా తిప్పినాడు.
"ఏం వన్నూరప్పా, ప్రార్థించుచున్నాను అనేది యాడ?"
నేను మాట్లాడలా.
మొదటి లైను మళ్లా చదివినాడు. టీకి లేవలా.
సీలు పడింది. ఆపైన ఏమైందో ఇంకా తెల్దు.

రాత్రి కార్బన్ కాపీ గంగరత్నకు చూపించినా.
ఎర్ర పెన్ను తీసి, వాళ్ల మేడం లెక్క కళ్లు చిట్లించి,
రెండు చోట్ల సున్నా చుట్టింది.
"మామా, ఇక్కడ 'ది' రావల్ల. ఇక్కడ రాకూడదు."
ఎందుకు అంటే దానికీ తెల్దు.
ఇరవై రెండేండ్ల 'అయ్యా'ను ఒక్క పూటలో వదిలినోణ్ణి,
ఈ 'ది' యాడ పెట్టల్లో, యాడ తీసేయల్లో
దుప్పటి కప్పుకొని గూడా ఆలోచిస్తా ఉండా.